గుట్టను లెక్కలోంచి తీసేసిన సారు

పాత ఆఫీసు వాళ్లందరం కలిసి ఉన్న వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున ఒక ఫొటో వచ్చింది. సూటు, టై, వెనక నీలం తెర. కింద ‘మన ప్లానింగ్ సార్ ఇక లేరు’ అని రాసి ఉంది. ఇక చూడండి, మధ్యాహ్నం దాకా ఫోను మోగుతూనే ఉంది. ఒకడు మహానుభావుడన్నాడు. ఇంకొకడు రేడియో తరంగాల ఋషి అన్నాడు. ఆయన బతికుండగా ఆయన చెప్పుల చప్పుడు వింటేనే టీ కొట్టుకు పారిపోయినవాళ్లు కూడా దండం పెట్టే బొమ్మలు వరసగా పెట్టారు. ‘నువ్వు సార్ దగ్గర మస్తు రోజులు చేసినవు గదన్నా, నాలుగు మంచి మాటలు రాయి’ అని ఒక తమ్ముడు నన్ను పట్టుకున్నాడు.

చావు ఎవరిదైనా చావే. ఆ ఇంటివాళ్ల దుఃఖం దుఃఖమే. కానీ నాలుగు మంచి మాటల కోసం ఎంత వెతికినా నాకు రెండుకు మించి దొరకలేదు. లంచం ముట్టడు, ఆఫీసుకు వేళకు వస్తాడు. ఆ రెండూ కూడా ఆలోచిస్తే అంత మంచివేమీ కావు. లంచం తీసుకునేవాడికి తాను తప్పు చేస్తున్నానని ఏ మూలో తెలిసి ఉంటుంది. మా సారుకు ఆ అనుమానం ఒక్కనాడూ రాలేదు. గ్రూపులో ఏమీ రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పనేమిటో ముందు చెప్పాలి. సెల్ టవరు సిగ్నలు ఎంత దూరం పోతుంది, ఏ ఊళ్లో ఏ మేరకు అందుతుంది అన్నది కంప్యూటరులో లెక్క కట్టి చెప్పడం. నేల ఎత్తుపల్లాల పటం ఒకటి ఉంటుంది. దాని మీద టవరు ఎక్కడుంది, ఎంత ఎత్తుంది, ఏ దిక్కుకు చూస్తోంది అన్నవి వేస్తే, సాఫ్ట్‌వేరు రంగులు పూసి ఇస్తుంది. సిగ్నలు బాగుంటే పచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, లేకపోతే ఎరుపు. ఇది చెడ్డ విద్య కాదు. బాగా చేసేవాళ్లను చూశాను. వాళ్లు లెక్క కట్టాక ఊరికి పోయి చూస్తారు. తేడా వస్తే లెక్కను దిద్దుకుంటారు. మా సారు తేడా వస్తే ఊరిని దిద్దేవాడు.

ఆయన లెక్కకు సాక్ష్యం తేవడం నా పని. కారులో నాలుగు ఫోన్లు, ఒక లాప్‌టాప్ పెట్టుకొని రోడ్ల వెంట తిరుగుతూ సిగ్నలు కొలవాలి. డ్రైవ్ టెస్ట్ అంటారు దాన్ని. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక ఫోను కంపెనీకి పనులు చేసిపెట్టే చిన్న కాంట్రాక్టు సంస్థ నల్లగొండలో ఆఫీసు తెరిస్తే అందులో చేరాను. మా బాపు భువనగిరి దగ్గర మగ్గం నేస్తాడు. “నీ పనేంది బిడ్డా?” అంటే కారులో తిరిగే పని అని చెప్పాను. “కూసొని తిరిగెటందుకు గూడ జీతమిస్తరా!” అని ఆయన చాలాసేపు నవ్వాడు.

సారును మొదటిసారి చూసింది ఆయన గదిలో. పటం చూపించే ముందు లాప్‌టాప్ తెర మీద ‘ఉఫ్’ అని ఊదాడు, తాయెత్తు మంత్రించేవాడు ఊదినట్టు. జేబురుమాలు తీసి నాలుగు మూలలూ తుడిచాడు. అప్పుడు దాన్ని నా వైపు తిప్పి, “చూడు తమ్మీ, ఎంత పచ్చగున్నదో” అన్నాడు. నిజంగానే పచ్చగా ఉంది. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అంత పచ్చదనం ఆయన తెర మీద తప్ప నేనెక్కడా చూడలేదు. తర్వాత తెలిసింది, ఏ అంకె దాకా పచ్చ, ఎక్కడి నుంచి పసుపు అన్న హద్దు కూడా ఆయన చేతిలోనే ఉంటుందని. హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు వచ్చే రోజున హద్దును కొంచెం కిందికి జరిపేవాడు. నిన్నటిదాకా పసుపుగా ఉన్న పల్లెలన్నీ పొద్దున్నే పచ్చబడేవి.

ఆయన గదిలో ఫోను పనిచేసేది కాదు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, ఆఫీసులో అందరికీ తెలుసు. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు ఇనుప బీరువాలు. ఫోను వస్తే కుర్చీలోంచి దిగ్గున లేచి, “హలో, ఒక్క నిమిషం, హలో” అంటూ వరండా దాటి, మెట్ల మీదికి పోయి మాట్లాడేవాడు. వానొస్తే తల మీద ఫైలు పెట్టుకొని మాట్లాడేవాడు. మాట్లాడడం అయ్యాక లోపలికి వచ్చి, తుడుచుకొని, నల్లగొండ పట్టణమంతా ముదురు పచ్చలో ఉన్న పటం ముందు మళ్లీ కూర్చునేవాడు. ఒకసారి మా డ్రైవరు ఉండబట్టలేక, “సార్, మీ రూముల సిగ్నల్ లేదు గద, మ్యాపుల మరి ఉన్నట్టున్నది?” అని అడిగాడు. సారు చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. “అది ఇండోర్. ఇండోర్ వేరె, కవరేజ్ వేరె.”

ఆయన పుట్టి పెరిగింది మహబూబ్‌నగర్‌లో. రాళ్లూ గుట్టలూ తెలియవనడానికి సాకు లేదు. అయినా కారులో కూర్చున్నాడంటే అద్దం దించడు, తల ఎత్తడు. ఊరి పేరు అడగడు. “ఇది ఏ గ్రిడ్?” అంటాడు. పక్కన గొర్ల మంద రోడ్డు దాటుతుంటే కారు ఆగుతుంది. గొర్లు పోయేదాకా ఆయన లాప్‌టాప్‌లోనే ఉంటాడు. ఒకసారి నేను, “సార్, ఎడమ దిక్కు చూడండి, పెద్ద గుట్ట, ఇది మన పటంలో లేదు” అన్నాను. ఆయన చూడలేదు. “నీ కన్ను ఏం చెప్తాందో నాకొద్దు తమ్మీ. ఫైల్ ఏం చెప్తాందో చెప్పు” అన్నాడు. ఆ మాట ఆయనకెంత నచ్చిందంటే, తర్వాత కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ గుట్ట సంగతే ఇప్పుడు చెప్పాలి. నార్కట్‌పల్లి నుంచి భువనగిరి వైపు పోతుంటే, రోడ్డు వదిలి లోపలికి పోతే వస్తుంది. ఒక్కటే రాయి లేచి నిలబడ్డట్టు ఉంటుంది. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. దాని ఇవతల హైవే, హైవే పక్కన టవరు. అవతల ఒక చిన్న ఊరు, అంతా గొర్లు కాసుకునేవాళ్ల ఇళ్లు. పటంలో నేలను గళ్లుగళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక్కటే ఎత్తు రాస్తారు. మా ఆఫీసులో వాడేది చవక పటం, పెద్ద గళ్లది. అంత గడిలో ఈ సన్నటి గుట్ట పడితే, గుట్టనూ చుట్టూ ఉన్న చెలకనూ కలిపి సగటు తీశారు. ఆ సగటులో గుట్ట పోయి, ఎద్దుబండి సులువుగా ఎక్కే మిట్ట మిగిలింది. మిట్ట అడ్డం కాదు కాబట్టి హైవే టవరు సిగ్నలు నేరుగా ఊళ్లోకి పోతున్నట్టు లెక్క తేలింది. ఊరంతా పచ్చ.

నిజానికి ఊళ్లో ఏ ఇంట్లోనూ, ఏ వాకిట్లోనూ ఫోను పలకదు. గుట్ట నడుము మీద, పక్కకు తిరిగిన చోట ఒక పరుపు బండ ఉంది. అక్కడికి ఎక్కితే మాత్రం హైవే టవరు కనిపిస్తుంది, ఫోను కలుస్తుంది. ఊరివాళ్లు కంప కొట్టి దారి చేసుకున్నారు. బండ మీద రాళ్ల మధ్య గుంజలు నిలబెట్టి తాటాకు పందిరి వేసుకున్నారు. రేషన్ దుకాణాలకు వేలిముద్ర మిషన్లు వచ్చాక ఆ బండకు గిరాకీ పెరిగింది. మిషనుకు సిగ్నలు కావాలి. అందుకని రేషన్ దినాన డీలరు మిషను చంకన పెట్టుకొని బండ ఎక్కేవాడు. వెనకే ఊరంతా ఎక్కేది. అక్కడ వేలు పెట్టి, చీటీ తీసుకొని, దిగి వచ్చి బియ్యం తీసుకోవాలి.

మల్లమ్మను నేను చూసింది ఆ దారిలోనే. మోకాళ్లు పోయిన ముసలామె. మొగుడు లేడు, ఒక్కతే బిడ్డ, హుజూర్‌నగర్‌లో ఇచ్చింది. ఈమె ఒక్కతే తన ఇంట్లో ఉంటుంది. గోడకు గోడ ఆనుకొని ఆమె యారాలి ఇల్లు. ఇద్దరూ అన్నదమ్ములను చేసుకొని ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్లుగా వచ్చారు, అప్పటినుంచి విడిగా ఉన్నది లేదు. మల్లమ్మ కార్డులో ఆమె పేరొక్కటే ఉంది కాబట్టి ఆమె బదులు ఇంకొకరు వేలు పెట్టడానికి లేదు. ఆ రోజు ఆమె కూర్చొని, చేతులు వెనక ఆనించి, ఒక్కో రాయి మీదికి జరుగుతూ ఎక్కుతోంది. పట్టుకోబోతే వద్దంది. “టవరేస్తరంట గద బిడ్డా మా ఊర్లె? మీరు రాస్తేనే అయితదంట. రాయుండ్రి జర. నా ఇంట్ల నేను ఉండొచ్చు. లేకుంటే నా బిడ్డింటికి పోయి పడుండాలె” అంది.

ఆమె విన్నది నిజమే. సిగ్నలు అందని ఊళ్ల జాబితా ఒకటి తయారవుతోంది. అందులో పేరుంటే ఊళ్లోనే టవరు వస్తుంది. సర్పంచు అర్జీ పెట్టాడు. నేను కూడా ఊరి సందులన్నీ నడిచి కొలిచి, ఎక్కడా సిగ్నలు లేదని ఫైలు ఇచ్చాను. పటంలో పచ్చ, ఫైల్లో సున్నా. తేడా ఎందుకొచ్చిందో తేల్చమని పైనుంచి అడిగేసరికి సారు స్వయంగా బయలుదేరాడు. ఇన్నాళ్లకు ఆయన గుట్టను చూస్తాడు కదా అని నేను లోపల లోపల సంబరపడ్డాను.

ఊళ్లో కారు దిగిన మనిషికి ఆ గొల్లవాళ్లు చేసిన మర్యాద చెప్పనలవి కాదు. కుర్చీ వేశారు, దాని మీద ఉతికిన తువ్వాలు వేశారు. మల్లమ్మ పెద్ద గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సారు అందులో ఈగ పడిందేమోనని రెండుసార్లు వంచి చూసి పక్కన పెట్టాడు. జేబులోంచి ఫోను తీశాడు, పైకెత్తాడు, తిప్పాడు. ఏమీ లేదు. నా వైపు చూడకుండా, “అర్జంటుగ ఒక ఫోన్ చేసేదుండె” అన్నాడు.

అంతే, పెద్దమనుషులు కంగారుపడ్డారు. ఇంటికొచ్చిన సారుకు ఫోను కలవకపోతే ఊరి పరువేం కావాలి? “జర మీదికి రాండ్రి సారూ, మంచిగొస్తది” అని చెరో చేయీ పట్టుకొని దారి తీశారు. “ఉత్త బండ మీద కూసోబెడతరా సారును, గొంగడి తీస్కపోండ్రి” అని మల్లమ్మ కింది నుంచి కేకేసింది. ఆమె యారాలు ఇంట్లోకి ఉరికి కొత్త గొంగడి తెచ్చి, మా కంటే ముందు ఎక్కి, పందిరి కింద పరిచింది. వాళ్లలో వచ్చినవాడికి గొంగడి పరచడం అంటే చాలా పెద్ద మర్యాద. సారు బూట్లతోనే దాని మీద కూర్చున్నాడు. ఫోను కలిసింది. హైదరాబాదులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడాడు. పెట్టేసి, “తమ్మీ, కిట్ తీయ్. ఇక్కడ రీడింగ్ పెట్టు” అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. “సార్, ఊరు కింద ఉంది” అన్నాను.

ఆయన పెద్దమనుషుల వైపు తిరిగాడు. “ఈ బండ ఏ ఊరి హద్దుల ఉన్నది?”

అడగరాని ప్రశ్న అది. ఆ గుట్ట మాదంటే మాదని పక్క ఊరితో వాళ్లకు తాతల నాటి నుంచి తగువు. మేత కోసం కొట్టుకున్నారు, క్వారీవాళ్లు వస్తే మళ్లీ కొట్టుకున్నారు. బయటి మనిషి ఎవరడిగినా ఒకటే జవాబు చెప్పాలని ఊరంతా నేర్చుకొని ఉన్నారు. “మాదే సారూ!” అని అందరూ ఒక్కసారే అన్నారు. “గీ బండ మాదే, గుట్ట మొత్తం మాదే. పక్కూరోళ్లకు ఇంచు జాగ లేదు. యాడికి రమ్మన్నా వచ్చి చెప్తం.”

“ఇనవడ్డదా?” అన్నాడు సారు నాతో. “ఊరి హద్దుల సిగ్నల్ ఉన్నది. ఫీల్డ్ వెరిఫైడ్.”

దిగేటప్పుడు సర్పంచుకు ఏదో తేడా కొట్టింది. ఊళ్లోకి వచ్చాక సారు, మీ ఊరికి కవరేజీ ఉంది, జాబితాలో పెట్టడానికి లేదు అని చెప్పేశాడు. మల్లమ్మే అడిగింది. “మరి మా ఇండ్లల్లకు రాదు గద సారూ?”

“అది ఇండోర్ అమ్మా. ఇండోర్ వేరె.”

“మేం ఉండేది ఇండ్లల్లనే సారూ.”

“మ్యాప్ ప్రకారం అయితే మీ ఇంట్ల గూడ వస్తది” అన్నాడాయన, కారు తలుపు తీస్తూ.

“గట్లయితే ఆ మ్యాపుల ఉన్న మల్లమ్మకే బియ్యమియ్యమను” అంది ఆమె. సారు వినిపించుకోలేదు. కారులో కూర్చొని, తెర మీద ఉఫ్ అని ఊది, ఇందాకటి రీడింగును పటం మీద పెట్టి చూసుకున్నాడు. పచ్చ మీద పచ్చ. “సరిపోయింది” అన్నాడు. ఆ ముఖంలోని తృప్తి నాకిప్పటికీ గుర్తుంది. ఒళ్లు మండిపోయింది నాకు. నేను సందుల్లో తిరిగి తెచ్చిన సున్నాలను ఏం చేస్తారని అడిగాను. “నీ ఫోన్ ఖరాబైనట్టున్నది. ఆ పాయింట్లు తీసెయ్” అన్నాడు. తియ్యనన్నాను. ఆయనే తీసేశాడు.

నేను పైవాళ్లకు మెయిలు పెట్టాను. ప్లానింగ్ విభాగాన్ని సంప్రదించండి అని జవాబు వచ్చింది. ప్లానింగ్ విభాగమంటే ఆయనే. లెక్కకూ కొలతకూ ఇంత చక్కగా కుదిరిన చోటు రాష్ట్రంలోనే లేదని మెచ్చుకొని ఆయనకు హైదరాబాదులో శాలువా కప్పారు. అన్ని ఊళ్ల పటాన్ని మెరిసే కాగితం మీద అచ్చు వేయించి గోడకు తగిలించాడు. ఒక మనిషి తెలియక తప్పు చేస్తే జాలిపడతాం. కళ్ల ముందు గుట్ట, కాళ్ల కింద బండ, చేతిలో మూగబోయిన ఫోను ఉండి కూడా ఒప్పుకోనివాడిని ఏమనాలి? నాకు ఆయనంటే అసహ్యం. పోయాడు కదా అని అది తగ్గలేదు.

తర్వాత కొన్నాళ్లు నేను ఆ దారిన పోయినప్పుడల్లా ఊళ్లోకి తొంగి చూసేవాణ్ని. మల్లమ్మ ఎక్కలేకపోతే వయసు పిల్లలు ఆమెను గొంగడిలో కూర్చోబెట్టి, నలుగురూ నాలుగు కొసలు పట్టుకొని బండ మీదికి మోసుకుపోయేవాళ్లు. వేలు పెట్టించి మళ్లీ మోసుకొచ్చేవాళ్లు. “పీనుగును మోసినట్టు మోస్తాండ్రు బిడ్డా. సిగ్గయితాంది” అనేది. ఒక వానాకాలం బండ మీద నాచు పట్టి, ముందు కొస పట్టుకున్న పిల్లవాడు జారాడు. అతని కాలు విరిగి నల్లగొండ దవాఖానలో పడ్డాడు. ఆమెకు దెబ్బ తగల్లేదు గానీ, ఇక నా కోసం ఎవరి కాళ్లూ ఇరగద్దు అని ఆ నెలలోనే ఇంటికి తాళం వేసింది. బిడ్డ వచ్చి హుజూర్‌నగర్ తీసుకుపోయింది. యారాలు బస్సు దాకా వచ్చి, బస్సు కదిలాక రోడ్డు మీదే కూలబడి ఏడ్చిందని డీలరు చెప్పాడు.

ఆ సంగతి నేను సారు గదిలోకి పోయి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఏదో ఒకటి ఆయన ముఖంలో కదులుతుందని ఆశపడ్డానేమో. “ఆ ఊరి ముసలామె, మీకు మజ్జిగ ఇచ్చిందే, బండ ఎక్కలేక ఊరు వదిలిపోయింది సార్.”

“ఏ సైట్?” అన్నాడు. గుట్ట ఊరు అని చెప్పాను. “ఆ, క్లీన్ సైట్, ఒక్క తేడా లేదు” అన్నాడు, ముద్దుగా. “ఎక్కడికి పోయింది?”

“హుజూర్‌నగర్.”

“మంచిదే గదా” అన్నాడు. “హుజూర్‌నగర్‌ల మన కవరేజ్ మస్తుంటది.”

ఎగతాళి కాదది. మనస్ఫూర్తిగా అన్నాడు. ఆమె బాగుపడిందనే అనుకున్నాడు. ఆ నెలాఖరుకు నేను ఉద్యోగం మానేశాను. మళ్లీ ఆయన్ను చూడలేదు.

ఫొటో వచ్చిన మర్నాడే వేరే పని మీద హుజూర్‌నగర్ పోతే మల్లమ్మ బిడ్డ ఇంటికి వెళ్లాను. ముందు గది అరుగు మీద కూర్చొని ఉంది. బాగా చిక్కిపోయింది. అన్నం తింటున్నది, రేషనూ పక్క వీధిలోనే ఇస్తున్నారు, కష్టమేమీ లేదంది. “మందిల ఉన్న గానీ మాట్లాడెటందుకు మనిషి లేదు” అంది. సారు పోయాడని చెప్పాను.

“ఏ సారు?”

“గొంగడి మీద కూర్చొని ఫోన్ చేసిన సారు అవ్వా.”

ఆమె దిండు కింది నుంచి చిన్న ఫోను తీసి నా చేతికిచ్చింది. “మా యారాలికి కలుపు. చెప్త. గొంగడి ఆమెదే గద, నాకంటె ఎక్కువ తిట్టుకున్నది ఆయనను.”

ఆమె ఫోనులో సిగ్నలు నిండుగా ఉంది. కలిపి, ఆమె చెవి దగ్గర పెట్టాను. నాకూ వినిపించింది. మీరు సంప్రదించాలనుకుంటున్న వ్యక్తి ప్రస్తుతం కవరేజీ పరిధిలో లేరు అని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. సారు లెక్కలు కట్టిపెట్టిన ఫోను కంపెనీ గొంతే అది. మల్లమ్మ ఆ మాటను చివరిదాకా విని ఫోను దించింది.

“గీ పిల్ల రోజు గిదే చెప్తది. గీమెకు ఎర్కున్నది ఆ సారుకెందుకు ఎర్కలేకపాయె?” అంది. ఆమె ఫోనును మళ్లీ దిండు కింద పెట్టుకుంది.

“రేషన్ దినం దాంక ఆగాలె బిడ్డా” అంది. “బండెక్కినంకనే మా ఊరోళ్లకు ఎర్కైతది, ఆయన సచ్చిపోయిండని.”